క్యాన్సర్ తగ్గి ఊరికొచ్చినవాళ్లకు ఒక కాగితం, ఒక గడి

తిరుపతి, చిత్తూరు జిల్లాల వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీ) డాక్టర్లకు, ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు, 108 సిబ్బందికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ముప్పై దాటినవాళ్ల నోరు చూడటం, ఆడవాళ్లకు రొమ్ము, గర్భసంచి ముఖద్వారం కూడా చూడటం, అనుమానం ఉంటే పెద్దాసుపత్రికి రాసి పంపడం మీ సిబ్బంది చేస్తున్నారు. ఎండలో ఇల్లిల్లూ తిరిగి చేసే పని, తేలిక కాదు. ఈ లేఖ అలా వెళ్లినవాళ్ల గురించి కాదు, వెళ్లి వచ్చినవాళ్ల గురించి. ఆపరేషను, కీమో, కరెంటు (రేడియేషన్) అన్నీ అయిపోయి, "జబ్బు లేదు, ఇంటికి పోవచ్చు" అనిపించుకుని పలమనేరుకో, కార్వేటినగరానికో, సత్యవేడుకో తిరిగొచ్చినవాళ్లు వీళ్లు. బీపీ రిజిస్టర్లో వీళ్ల పేర్లుంటాయి, షుగరు రిజిస్టర్లో ఉంటాయి. క్యాన్సర్ తగ్గినవాళ్లు అనే గడి మాత్రం మేము చూసిన రిజిస్టర్లలో లేదు.

మేము అడిగేది రెండే. చికిత్స ముగిసిన ప్రతి మనిషి చేతిలో తెలుగులో రాసిన ఒక పేజీ కాగితం ఉండాలి. అందులోని నాలుగు వివరాలు పీహెచ్‌సీ రిజిస్టర్లో ఒక గడిలోకి ఎక్కాలి. ఎందుకో చెప్పడానికే మిగతా లేఖ.

మన దగ్గర చికిత్స ఒక్క తావులో జరగదు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, టీటీడీ ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టులు కట్టి 2022లో తెరిచిన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చిత్తూరువాళ్లకు వేలూరు దగ్గర, కుప్పంవాళ్లకు బెంగళూరు దగ్గర, సత్యవేడువాళ్లు చెన్నై పోతారు. ఫైలు అక్కడే ఉంటుంది, మనిషి ఇక్కడికొస్తాడు. చేతిలో ఉండే డిశ్చార్జి సమ్మరీలో ఆపరేషను పేరు ఉంటుంది, మూడు నెలలకు రమ్మని ఉంటుంది. ఏ మందు మొత్తం ఎంత ఎక్కింది, కరెంటు ఏ భాగానికి ఎన్ని గ్రేలు (గ్రే అంటే కరెంటు మోతాదు కొలత) పెట్టారు అన్నది చాలాసార్లు అందులో ఉండదు. ఉన్నా ఐదేళ్లకు ఆ కాగితం చిరిగిపోతుంది.

తర్వాత వచ్చే ఇబ్బందులు అన్నీ ఒక్కసారి రావు, అదే చిక్కు. కాళ్ల తిమ్మిరి కీమో జరుగుతుండగానే మొదలవుతుంది. చేతి వాపు ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలో వస్తుంది, పదేళ్లకు వచ్చినా ఆశ్చర్యం లేదు. మెడకు కరెంటు పెడితే థైరాయిడ్ మెల్లగా కొన్నేళ్లకు చచ్చుబడవచ్చు. గుండె దెబ్బ పదేళ్ల తర్వాత కూడా బయటపడవచ్చు. అప్పటికి రోగికి క్యాన్సర్ పాత కథ, డాక్టరుకు అసలు తెలియని కథ. ఆయాసం అంటే ఆస్తమా మందు, రక్తం అంటే మొలల మందు, నీరసం అంటే గ్లూకోజు బాటిలు. తప్పు డాక్టరుది కాదు. ముందు ఏం జరిగిందో ఆయన ముందున్న కాగితం చెప్పలేదు.

చేయి

రొమ్ము క్యాన్సర్‌కు చంకలో లింఫు గ్రంథులు తీసేసి, పైన కరెంటు కూడా పెట్టినవాళ్లకు ఆ వైపు చేతిలో లింఫు నీరు నిలిచిపోవచ్చు. మొదట గాజులు బిగుతవుతాయి, ఉంగరం రాదు, రవిక చెయ్యి పట్టేస్తుంది. చూపుకు వాపు కనబడకముందే ఆమె "చెయ్యి బరువుగా ఉంది" అంటుంది. ఆ మాట విన్న రోజే కొలవాలి.

కొలవడానికి దర్జీ టేపు చాలు. మణికట్టు ఎముక దగ్గర మొదలుపెట్టి పైకి ప్రతి 10 సెంటీమీటర్లకు పెన్నుతో గుర్తు పెట్టండి. రెండు చేతుల్నీ అవే గుర్తుల దగ్గర చుట్టుకొలవండి, టేపు చర్మాన్ని తాకాలి కానీ నొక్కకూడదు. ఎక్కడైనా 2 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే ఫిజియోథెరపీకి పంపాల్సిందే. ఒక్క కొలతతో ఏమీ తేలదు. ఆపరేషనుకు ముందు కొలత ఉంటే అసలైన తేడా తెలుస్తుంది. పెద్దాసుపత్రికి రాసి పంపే రోజే ఏఎన్ఎం రెండు చేతులూ కొలిచి కార్డు మీద రాస్తే అంతకంటే మేలు లేదు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాట్లు మూడు. మొదటిది లాసిక్స్ అనే మూత్రం మాత్ర ఇవ్వడం. ఈ వాపులో నీళ్లతోపాటు ప్రొటీను కూడా ఉంటుంది. మూత్రం మాత్ర నీటిని లాగుతుంది, ప్రొటీను అక్కడే ఉండి మళ్లీ నీటిని పిలుస్తుంది, చెయ్యి మెల్లగా గట్టిపడుతుంది. రెండోది బోదవాపు అనుకుని డీఈసీ మాత్రలివ్వడం. మూడోది ఉబ్బిన చేతి మీదే ఆన్‌లైన్‌లో కొన్న స్లీవ్ (చేతికి బిగువుగా పట్టే తొడుగు) ఎక్కించడం. వాపు ఎక్కువగా ఉంటే ముందు కొన్ని వారాలు పొరలు పొరలుగా బ్యాండేజీ కట్టి తగ్గించాలి. స్లీవ్ తగ్గిన చేతిని తగ్గినట్టు ఉంచడానికి. మామూలుగా 20–30 మిల్లీమీటర్ల పాదరస ఒత్తిడి ఉన్నది ఇస్తారు. బిగువు మణికట్టు దగ్గర ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ ఉండాలి. క్రేప్ బ్యాండేజీని చంక దగ్గర గట్టిగా బిగిస్తే నీళ్లన్నీ అరచేతిలోకి దిగుతాయి. స్లీవ్ పొద్దున లేవగానే వేసుకుని రాత్రి పడుకునేటప్పుడు తీసెయ్యాలి. రెండు కొనుక్కుని ఒకటి ఉతికితే ఒకటి తొడగాలి, పిండకూడదు, నీడలో ఆరేయాలి. రోజూ వాడితే ఆరు నెలలకు సాగి వదులైపోతుంది. అప్పుడు అది ఉత్త గుడ్డ.

మన జిల్లాల పనులకు వేరే జాగ్రత్త కావాలి. ఆవును పట్టుకునేటప్పుడు పలుపు తాడును ఆ చేతికి చుట్టుకోకూడదు. మామిడి కోతల్లో సొన పడి చర్మం కాలితే ఆ పుండు నుంచే ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. కాబట్టి తోతాపురి తోటలోకి పోయేటప్పుడు పూర్తి చేతుల చొక్కా, గ్లవుజు వేసుకోవాలి. "ఆ చేత్తో అసలు బరువెత్తొద్దు" అన్న పాత మాట మాత్రం ఇప్పుడు చెల్లదు. అర కిలోతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటే కండ బలపడుతుంది, వాపు పెరగదు. సూది, బీపీ పట్టా సంగతి కూడా అంతే. ఒక్కసారి వేస్తే కొంప మునగదు, కానీ రెండో చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు ఈ చెయ్యి ఎందుకు?

చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే అది సెల్యులైటిస్, అంటే చర్మం కింద పాకే ఇన్ఫెక్షన్. మరుసటి రోజుకు వాయిదా పనికిరాదు. పెన్సిలిన్ పడుతుందా అని అడిగి అమాక్సిసిలిన్ వంటి మందు అదే రోజు మొదలుపెట్టి కనీసం 14 రోజులు ఇవ్వాలి. ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీస్తే మర్నాటికి పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది. ఐదు రోజుల కోర్సుతో ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది, తిరగబెట్టిన ప్రతిసారీ లింఫు దారులు మరికొన్ని మూసుకుపోతాయి. నొప్పి తగ్గేదాకా స్లీవ్ వద్దు.

నోరు, మెడ

నోటి, గొంతు క్యాన్సర్లకు సాధారణంగా 60–70 గ్రేల కరెంటు ఆరేడు వారాల్లో పెడతారు. ఉమ్మి గ్రంథులు మాడిపోతాయి. ఉమ్మి లేని నోట్లో పళ్లు చిగుళ్ల దగ్గర గోధుమరంగుకు తిరిగి ఒక్కొక్కటే పుచ్చిపోతాయి. మామూలు పేస్టులో ఫ్లోరైడు 1,000–1,450 పీపీఎం ఉంటుంది, వీళ్లకు 5,000 పీపీఎం ఉన్నది పంటి డాక్టరు రాయాలి. లీటరు నీళ్లలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంటసోడా కలిపి తిన్న ప్రతిసారీ పుక్కిలించాలి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలుపుకోవాలి.

అన్నిటికంటే ప్రమాదం పన్ను పీకడం. కరెంటు తగిలిన దవడ ఎముకకు రక్తం సరిగా అందదు, ముఖ్యంగా కింది దవడకు. పీకిన గుంత మానదు, ఎముక బయటపడి కుళ్లుతుంది. ఈ ముప్పు రెండేళ్లకో ఐదేళ్లకో పోదు, జీవితాంతం ఉంటుంది. ఊరి సంతలో పళ్లు పీకేవాళ్ల దగ్గరికి అసలు పోవద్దు. అర్హత ఉన్న పంటి డాక్టరైనా ఆ వైపు ఎన్ని గ్రేలు పెట్టారో తెలుసుకున్నాకే చెయ్యి పెట్టాలి. పీకకుండా వేరు చికిత్సతో (రూట్ కెనాల్) నిలపగలిగితే అదే మేలు. డాక్టరు "మీకేమైనా జబ్బులున్నాయా" అంటే రోగి షుగరు సంగతే చెప్తాడు, కరెంటు మాట ఎత్తడు. ఎప్పుడో అయిపోయిందనుకుంటాడు.

నోరు తెరవలేకపోవడం ఇంకొకటి. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. 35 మిల్లీమీటర్ల కంటే తక్కువ తెరుచుకుంటే దవడ పట్టేసినట్టే. ఐస్‌క్రీము పుల్లలు కడిగి ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టి, కొంచెం బిగువు తెలిసేదాకా తెరిచి ఏడు సెకన్లు ఆపాలి. అలా ఏడుసార్లు, రోజుకు ఏడు విడతలు. వారం పది రోజులకు ఒక పుల్ల చేర్చాలి. నొప్పి పుట్టేంత బలవంతం చేస్తే కండ ఇంకా బిగుసుకుంటుంది. కరెంటు అయిన మొదటి నెలల్లో ఎంత సాధిస్తే అంత. ఏడాది దాటి కండ నారలా గట్టిపడ్డాక సాగదీయడం అలివి కాదు.

తిండి విషయంలో మన రాగి సంగటి వీళ్లకు అక్కరకొస్తుంది. చపాతీ, వేపుడు దిగవు. సంగటి ముద్ద మజ్జిగలోనో పలుచని పప్పులోనో ముంచి మింగితే దిగుతుంది. ఊరిబిండి, కారం పులుసు మంట పుట్టిస్తాయి, కొన్నాళ్లు పక్కన పెట్టాలి. నీళ్లు తాగినప్పుడల్లా పొలమారుతూ, ఏడాదిలో రెండు మూడుసార్లు నెమ్ము వస్తుంటే గొంతులోది ఊపిరితిత్తుల్లోకి జారుతోందని అనుమానించాలి. మింగుడు పరీక్షకు పంపాలి. కళ్లె పరీక్ష చేయకుండా టీబీ మందులు మొదలుపెట్టొద్దు.

మెడకు కరెంటు పెట్టిన ప్రతి ఒక్కరికీ 6–12 నెలలకోసారి థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్ష టీఎస్‌హెచ్ చూడాలి. థైరాయిడ్ తగ్గితే వచ్చే మలబద్ధకం, బరువు పెరగడం, చలి అనిపించడం, మతిమరుపు వయసుతో వచ్చేవే అనుకుని వదిలేస్తున్నారు. థైరాయిడ్ మాత్ర థైరాక్సిన్ పరగడుపున వేసుకుని అరగంట నుంచి గంట తర్వాతే కాఫీ తాగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మూడూ ఒకే గుప్పిట్లో వేసుకుంటే టీఎస్‌హెచ్ తగ్గదు, డాక్టరు డోసు పెంచుకుంటూ పోతారు.

108 సిబ్బందికి మాత్రం

స్వరపేటిక పూర్తిగా తీసేసిన మనిషి ముక్కుతోనూ నోటితోనూ ఊపిరి పీల్చడు. గొంతు కింద ఉన్న రంధ్రమే అతని ముక్కు. అతను స్పృహ తప్పి పడి ఉంటే ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టినా ఊపిరితిత్తులకు ఒక్క చుక్క గాలి చేరదు. మాస్కు మెడ మీద పెట్టాలి, చిన్నపిల్లల మాస్కు ఆ రంధ్రం మీద సరిగ్గా కూర్చుంటుంది. అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి గాలి పంపే సంచి) కూడా అక్కడే. ముందు మెడ మీద గుడ్డ తీసి చూడండి, కళ్లె గడ్డకట్టి రంధ్రం మూసుకుపోయి ఉంటే సక్షన్‌తో తీయండి. ఈ ఆరు వాక్యాలు అంబులెన్సు లోపల అతికించడానికి బడ్జెట్ అక్కర్లేదు.

వీళ్లకు నీళ్లు పెద్ద గండం. పుష్కరిణిలో మునక, పాపవినాశనం ధార కింద స్నానం, చెరువులో ఈత ఏవీ కూడవు. నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మొక్కు ఉంటే నెత్తిన చల్లుకోమనండి. దుమ్ము పడకుండా రంధ్రం మీద తడిపి పిండిన పలుచని నూలు గుడ్డ కట్టుకోవాలి.

మొలలు కాని మొలలు

గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు పొత్తికడుపు మీద 45–50 గ్రేలు, ఆపైన లోపలి నుంచి కూడా కరెంటు పెడతారు. గర్భసంచి వెనకే పురీషనాళం (మలం నిలిచే పేగు చివరి భాగం) ఉంది. ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య ఎక్కువగా, కొందరికి ఇంకా ఆలస్యంగా, మలంతో రక్తం పడుతుంది. ఆమె సిగ్గుపడి ఎవరికీ చెప్పదు, చివరికి మొలల క్లినిక్కుకు వెళ్తుంది. అక్కడ ఇంజెక్షనో, రబ్బరు బ్యాండో, కోతో జరిగితే కరెంటు తగిలిన ఆ గోడ మానదు. పుండు లోతుకు దిగి యోనిలోకి దారి పడి, మలం అటువైపు కారడం మొదలవుతుంది. ముక్క తీసి పరీక్షకు పంపడం కూడా అదే ప్రమాదం, ముఖ్యంగా ముందు గోడ మీద. అలాగని "కరెంటు వల్లే" అని చూడకుండా వదిలేయకూడదు, కొత్త గడ్డ కూడా రావచ్చు. కరెంటు సంగతి ముందే చెప్పి కొలనోస్కోపీకి (గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) పంపాలి. సుక్రాల్ఫేట్ ఎనిమా (మలద్వారం నుంచి ఎక్కించే మందు), ఆర్గాన్ వాయువు‌తో మాడ్చడం వంటి మార్గాలున్నాయి. మూత్రంలో రక్తం పడినా ఇదే లెక్క, యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ మార్చడంతో పని కాదు.

యోని మార్గం ముడుచుకుపోవడం గురించి ఎవరూ నోరు విప్పరు. ఏఎన్ఎం అక్కయ్యలు చెప్పగలరు, చెప్పాలి. కరెంటు అయిన నాలుగు వారాలకు, పుండ్లు మానాక, డైలేటర్ (దారి మూసుకుపోకుండా లోపల పెట్టే నున్నని సాధనం) మొదలుపెట్టాలి. చిన్న సైజుతో, నీటితో చేసిన జెల్లీ రాసి, వారానికి రెండు మూడుసార్లు, 5–10 నిమిషాలు, కనీసం రెండేళ్లు. కొంచెం రక్తపు మరక సహజం, ఎక్కువైతే ఆపి చూపించుకోవాలి. ఇది కాపురం కోసమే అనుకుని భర్త లేనివాళ్లకు చెప్పడం మానేస్తున్నారు. దారి మూసుకుపోతే జబ్బు తిరిగొచ్చిందో లేదో చూడటానికి డాక్టరు వేలు కూడా పోదు, అందుకే అందరికీ చెప్పాలి.

అరికాళ్లు

పాక్లిటాక్సెల్, సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టిన్, బోర్టెజోమిబ్. ఈ క్యాన్సర్ మందులు ఎక్కినవాళ్లలో చాలామందికి వేళ్ల చివర్లు, అరికాళ్లు మొద్దుబారతాయి, చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటుంది. రవిక హుక్కు పెట్టుకోలేరు, చెప్పు జారిపోయినా తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో గుడి ప్రాకారం బండల మీద ప్రదక్షిణం చేసి ఇంటికొచ్చి చూసుకుంటే అరికాలంతా బొబ్బలు. నడిచేటప్పుడు కాలినట్టే తెలియదు మరి.

షుగరు రోగుల పాదాల్లో స్పర్శ చూడటానికి వాడే 10 గ్రాముల నైలాన్ దారం, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు వీళ్లకూ వాడండి. కుష్ఠు కార్యక్రమంలో ఇచ్చే మెత్తని రబ్బరు ఎంసీఆర్ చెప్పులు వీళ్లకూ ఇప్పించండి, ఇదొక ప్రత్యేక విన్నపం. రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోవాలి, స్నానం నీళ్ల వేడి మోచేత్తో చూడాలి. నొప్పి ఎక్కువగా ఉంటే డ్యులాక్సెటిన్ వారం పాటు 30 మిల్లీగ్రాములు, తర్వాత 60. కీమో తిమ్మిరి నొప్పికి గట్టి ఆధారం ఉన్న మందు ఇదొక్కటే. అందరూ అడిగేది మాత్రం ఎర్ర సూది, అంటే బి-కాంప్లెక్సు. విటమిన్ లోపం లేనివాళ్లకు ఆ సూదులు పని చేయవు. పైగా బి6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి పోతే అదే నరాలను దెబ్బతీస్తుంది.

గుండె, ఎముక

రోగులు ఎర్ర మందు అనేది డాక్సోరుబిసిన్ అనే కీమో మందు. అది గుండెను దెబ్బతీయగలదు, మొత్తం ఎంత ఎక్కిందన్నదే లెక్క. రొమ్ము క్యాన్సర్‌కు మామూలుగా ఇచ్చే నాలుగు సైకిళ్లకు ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు 240 మిల్లీగ్రాములు, లింఫోమాకు (లింఫు గ్రంథుల క్యాన్సర్) ఆరు సైకిళ్లకు 300. 250 దాటినవాళ్లు, అంతకు తక్కువైనా ఛాతీకి కరెంటు కూడా పెట్టించుకున్నవాళ్లు, అరవై దాటినవాళ్లు ఎక్కువ ముప్పులో ఉన్నట్టు. చికిత్స ముగిసిన 6–12 నెలల మధ్య ఒక ఎకో (గుండె స్కాను) తీయించి, ఈఎఫ్ (గుండె ఒక్కో దెబ్బకు బయటికి పంపే రక్తం శాతం) ఎంతో కాగితం మీద అంకెతో రాయాలి. "నార్మల్" అని రాస్తే రేపు పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. అలిపిరి మెట్లు 3,550. తగ్గితే నడిచొస్తానని మొక్కుకున్నవాళ్లు చాలామంది. వద్దనడం మా ఉద్దేశం కాదు, ఎకో చూసుకుని ఎక్కమనండి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, సాయంత్రానికి పాదాల వాపు ఉంటే నెబులైజరు పెట్టే ముందు ఎర్ర మందు ఎక్కిందా అని ఒక్క మాట అడగండి. ఈ గుండెలకు బీపీ తోడైతే దెబ్బ ఎన్నో రెట్లు. కాబట్టి మీరు నెలనెలా ఇస్తున్న బీపీ మాత్రే వీళ్లకు పెద్ద రక్ష.

లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ అనే రొమ్ము క్యాన్సర్ మాత్రలు వాడేవాళ్లకు, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు హార్మోను సూదులు తీసుకునేవాళ్లకు ఎముకలు గుల్లబారతాయి. రెండేళ్లకోసారి ఎముక గట్టిదనం చూసే డెక్సా స్కాను, రోజుకు మొత్తం 1,000–1,200 మిల్లీగ్రాముల కాల్షియం (తిండిలోది కలుపుకునే), విటమిన్ డి కావాలి. ఎముకల కోసం వేసే జోలెడ్రోనిక్ సూదికి ముందు పళ్లు చూపించుకోవాలి, తర్వాత పీకితే ఇక్కడా దవడకే ముప్పు. పుత్తూరు కట్టుకు మన రెండు జిల్లాల్లో ఉన్న నమ్మకం మాకు తెలుసు. కానీ క్యాన్సర్ వచ్చి తగ్గిన మనిషికి పడకుండానే ఎముక నొప్పి వస్తే, అందులోనూ వెన్ను నొప్పి రాత్రిళ్లు పెరిగితే, కట్టుకు ముందు ఎక్స్‌రే తీయాలి. కాళ్లు పట్టు తప్పినా మూత్రం బిగిసినా అదే రోజు పెద్దాసుపత్రి, మర్నాటికి ఆలస్యమైపోతుంది.

టామాక్సిఫెన్ అనే రొమ్ము క్యాన్సర్ మాత్ర వాడేవాళ్లకు ముట్లుడిగాక రక్తం కనబడితే స్కాను, పిక్కలో వాపు నొప్పి ఉంటే రక్తం గడ్డ కోసం పరీక్ష. దిగులుకు ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ రాయకండి, అవి టామాక్సిఫెన్‌ను సరిగా పని చేయనివ్వవు. వెన్లాఫాక్సిన్ మేలు, ఒంటి ఆవిర్లు కూడా తగ్గుతాయి.

నీరసం అందరూ చెప్పేదే. గ్లూకోజు బాటిలుతో అది పోదు. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, బి12, షుగరు చూసి, నిద్ర ఎలా ఉందో అడిగి, రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేకుండా ఉందా అని అడిగాక మిగిలింది నడక. పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి ఐదు రోజులు అరగంట దాకా. దిగులు ఎక్కువగా ఉంటే టెలి మానస్ 14416కు ఫోను చేయించండి, తెలుగులో మాట్లాడతారు.

పిల్లలు

బడికి వెళ్లి పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే బృందాలు మూడు చూడాలి. సిస్‌ప్లాటిన్ ఎక్కిన పిల్లలకు ముందు సన్నని శబ్దాలే వినిపించడం మానేస్తాయి. పిలిస్తే పలుకుతాడు, పాఠం అందదు, పరాకు పిల్లాడని కూర్చోబెడతారు. ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయిస్తే తేలుతుంది. బ్లడ్ క్యాన్సర్‌కు స్టెరాయిడ్లు వాడిన పదేళ్లు దాటిన పిల్లలు గజ్జల్లో నొప్పి అని కుంటితే, ఎదిగే వయసు నొప్పి అనకండి. తుంటి ఎముక చచ్చుబడటం మొదట్లో ఎక్స్‌రేలో కనబడదు, ఎమ్మారై కావాలి. చిన్నప్పుడు ఛాతీకి 10 గ్రేలు, అంతకంటే ఎక్కువ కరెంటు తగిలిన ఆడపిల్లలకు పాతికేళ్లకో, కరెంటు అయిన ఎనిమిదేళ్లకో, ఏది తర్వాతయితే అప్పటి నుంచి ఏటా రొమ్ము పరీక్షలు మొదలు కావాలి. ఈ మాట ఆ పిల్లకు పెళ్లై వేరే ఊరికి పోయాక చెప్పేవాళ్లెవరు, కాగితం తప్ప?

సర్టిఫికెట్లు

2016 వికలాంగుల హక్కుల చట్టం మాట, భాష వైకల్యాన్ని నిర్వచించేటప్పుడు స్వరపేటిక తొలగింపును పేరు పెట్టి చెప్పింది. వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం శిబిరంలో "క్యాన్సర్ ఈ జాబితాలో లేదు" అని తిప్పి పంపేముందు ఆ వాక్యం చదవండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లకు 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయల పింఛను ఉంది. పింఛను సంగతి అటుంచి, క్యాన్సర్ రోగుల రైలు రాయితీ చికిత్సకే కాదు, చెకప్‌కు పోయేటప్పుడూ వర్తిస్తుంది. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో రోగికి టికెట్టు ఖర్చు ఉండదు. ఫారం ఆసుపత్రే ఇస్తుంది. తెలియక సొంత డబ్బుతో కాట్పాడి (వేలూరుకు దిగే స్టేషను) పోయొస్తున్నారు.

కాగితం

ఒక్క పేజీ. పేరు, వయసు. ఏ క్యాన్సర్, ఏ వైపు, ఏ దశ. ఆపరేషను తేదీ, ఏం తీశారు, గ్రంథులు ఎన్ని తీశారు. కీమో మందుల పేర్లు, ఎన్ని సైకిళ్లు, డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ మొత్తం మోతాదు. కరెంటు ఏ భాగానికి, ఎన్ని గ్రేలు, ఎన్ని రోజులు, ఎప్పుడు ముగిసింది. ఇప్పుడు వేసుకునే మాత్రలు ఏ సంవత్సరం దాకా. ఏ పరీక్ష ఎన్ని నెలలకు. ఏ లక్షణం వస్తే ఆగకుండా రావాలి. ఆసుపత్రి ఫోను, ఫైలు నంబరు. మందుల పేర్లు ఇంగ్లీషులో కూడా పక్కనే ఉండాలి, వేలూరులోనూ బెంగళూరులోనూ చదవాలి కదా.

పీహెచ్‌సీ గడిలోకి ఎక్కాల్సిన నాలుగు: వాపు రావచ్చనే చెయ్యి ఏది, ఎర్ర మందు మొత్తం ఎంత, కరెంటు ఏ భాగానికి ఎన్ని గ్రేలు, చికిత్స ముగిసిన సంవత్సరం. కొత్తవాళ్లకు ఆఖరి విజిట్లో చికిత్స చేసిన ఆసుపత్రే రాసివ్వాలి. పాతవాళ్ల దగ్గర కీమో డే కేర్ పుస్తకం, కరెంటు కార్డు ఉంటే పీహెచ్‌సీ డాక్టరు వాటి నుంచి రాయొచ్చు, పావుగంట పని. కార్డు పోయినవాళ్లకు ఆసుపత్రి రికార్డుల విభాగానికి ఉత్తరం రాసే బాధ్యత ఎవరిదో మీ ఉత్తర్వులోనే తేల్చండి, లేకపోతే అది ఎవరి పనీ కాకుండా పోతుంది. నెలకొక రోజు ఏరియా ఆసుపత్రుల్లో టేపు, బ్యాండేజీలు పెట్టుకుని ఒక ఫిజియోథెరపిస్టు కూర్చునేలా చేస్తే సగం చేతులు తిరుపతి దాకా రానక్కర్లేదు.

ఇంకొక చిన్న సంగతి. కాగితం పాడవకుండా చాలామంది లామినేషన్ చేయిస్తారు, మంచిదే. ఈసీజీ, ఎకో ప్రింట్లు మాత్రం చాలావరకు వేడికి నల్లబడే థర్మల్ కాగితం మీద వస్తాయి. లామినేషన్ మిషనులో పెడితే క్షణంలో మొత్తం నల్లగా అయిపోతుంది. వాటికి ముందు జిరాక్సు తీయించి, ఆ జిరాక్సునే లామినేట్ చేయించమని ఆశా కార్యకర్తలు చెప్పాలి.

ఇట్లు
తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో క్యాన్సర్ చికిత్స ముగిసినవారి సంరక్షణలో ఉన్న నర్సులు, ఫిజియోథెరపిస్టులు, దంత వైద్యులు